కార్డు బాకీ తీరకముందే 24 వేల జ్యూసరా?

ప్రశ్న: మాది ఖమ్మం. మావారిది ప్రైవేటు ఉద్యోగం, నెలకు 46 వేలు చేతికి వస్తుంది. ఇంటద్దె 9,500, సరుకులు, పాలు, కూరగాయలు 9,000, పాప స్కూలు ఫీజు 4,000, కరెంటు, పెట్రోలు, ఫోన్లు 4,500, బండి ఈఎంఐ 3,450, పర్సనల్ లోన్ 6,200. క్రెడిట్ కార్డులో 31 వేల బాకీ ఉంది, మినిమం కడుతూ వస్తున్నాం. బ్యాంకులో 14 వేలు ఉన్నాయి. మామయ్యగారికి 71 ఏళ్లు, షుగర్ ఉంది. నలుగురికీ రోజూ ఇంట్లోనే జ్యూస్ తీద్దామని 24 వేల కోల్డ్ ప్రెస్ జ్యూసర్ (నెమ్మదిగా తిరుగుతూ నలిపి పిండేది) చూశాం. కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ, నెలకు 2,000. ఆఫర్ ఆదివారం వరకేనట. ఇది తీసుకోవాలా, 6 వేల మామూలు జ్యూసర్ సరిపోతుందా?

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దు. మీ ప్రశ్నలో జ్యూసర్ కంటే ముందు చూడాల్సిన మాట ఒకటుంది: ‘మినిమం కడుతూ వస్తున్నాం’. వడ్డీ లేదన్నారు కదా అని వస్తువు తెచ్చుకోవడం, అదే కార్డులో పాత బాకీకి అసలు సిసలైన వడ్డీ కడుతూ పోవడం చాలా ఇళ్లలో జరుగుతున్న పొరపాటే. అందుకే మీ లెక్కను విడమరిచి చెబుతున్నాను.

కార్డు బాకీ మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం వేసుకున్నా 31 వేలకు 1,085 రూపాయలు. దానిమీద 18 శాతం జీఎస్టీ మరో 195. అంటే 1,280. మీరు మినిమం కింద కట్టేది ఐదు శాతం చొప్పున 1,550. అందులో అసలుకు జమయ్యేది 270 రూపాయలు మాత్రమే. నెలంతా కష్టపడి కట్టి, బాకీని 31,000 నుంచి 30,730కి దించుతున్నారు. ఈమధ్యలో పెట్రోలుకో మందులకో 300 గీకారంటే అదీ దిగదు. పైగా బాకీ నిలిచి ఉన్నంతకాలం కొత్తగా గీకినవాటికి వడ్డీలేని గడువు ఉండదు. గీకిన రోజునుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది.

ఇలాంటి కార్డు మీద జ్యూసర్ ఈఎంఐ పెడితే ఏమవుతుందో చూడండి. నెలవారీ వాయిదా 2,000 మొత్తం మినిమం డ్యూలో కలుస్తుంది. ఇప్పుడు 1,550 కడుతున్న మీరు 3,550 కట్టాలి. ఒక నెల తగ్గించి కడితే ‘నో కాస్ట్’ వాయిదా కూడా మూడున్నర శాతం వడ్డీలోకి జారుతుంది. మీ కార్డు లిమిట్‌లోంచి దాదాపు 24 వేలు ఆగిపోతాయి, వాయిదాలు కట్టినకొద్దీ నెమ్మదిగా విడుదలవుతాయి. కార్డు లిమిట్‌నే కష్టకాలపు డబ్బుగా లెక్కేసుకునే ఇళ్లు ఎక్కువ. మీదీ అలాగే ఉన్నట్టుంది.

నో కాస్ట్ అన్న మాట సంగతి. 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు, సున్నా వడ్డీ అనేదే లేదని, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు పేరుతో దాచి వసూలు చేయవద్దని బ్యాంకులకు చెప్పింది. ఆ తర్వాత పద్ధతి మారింది. వడ్డీకి సమానమైన మొత్తాన్ని అమ్మేవాళ్లు ధరలో ముందే తగ్గిస్తారు, బ్యాంకు దాన్ని వడ్డీగా మీ దగ్గర వసూలు చేస్తుంది. ఏడాదికి 16 శాతం వడ్డీ మీద మీ 24 వేలను విడగొడితే అసలు సుమారు 22,040, వడ్డీ 1,960. ఆ వడ్డీ మీద జీఎస్టీ 350 దాకా మీదే. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే జీఎస్టీతో 235. దాదాపు 590 రూపాయలు అదనం. ఇది చిన్నదే. పెద్దది వేరే ఉంది. ఈఎంఐ లేకుండా డబ్బు కట్టి కొంటే ఎంతకిస్తారని షాపులో ఒక్కసారి అడగండి. వెయ్యో రెండు వేలో తగ్గితే, ఆ తగ్గింపే మీరు కట్టబోయే అసలు వడ్డీ. వస్తువు నచ్చక వాపసు ఇచ్చినా ప్రాసెసింగ్ ఫీజు తిరిగి రాదు, అప్పటికి బిల్లులో పడిన వడ్డీ, జీఎస్టీ కూడా సాధారణంగా రావు.

కార్డు కుదరకపోతే లోన్ యాప్‌లో తీసుకుందామన్న ఆలోచన ఇంట్లో ఎవరికైనా వస్తే అక్కడే ఆపేయండి. జ్యూసర్ కోసం యాప్ అప్పు చేయడం ఏ లెక్కలోనూ సమర్థించలేని పని.

మీ ఇంటి ఖర్చులు కలిపితే 36,650. మినిమంతో 38,200. అంటే కాగితం మీద నెలకు 7,800 మిగలాలి. మిగులుతుంటే కార్డు బాకీ 31 వేలకు చేరేది కాదు. ఈ నెల మొత్తం ప్రతి ఖర్చూ రాయండి, టీ, ఆటో, ఫోన్‌లో చెల్లించిన 40, 60 రూపాయలతో సహా. ఆ 7,800 ఎటు పోతున్నదో తేలేదాకా కొత్త ఈఎంఐ గురించి మాట్లాడుకోవడం అనవసరం.

అది చేతికి చిక్కాక, మినిమంకు ఇస్తున్న 1,550ని కూడా కలిపి నెలకు 9,350 కార్డుకే కట్టండి. కార్డును ఇంట్లో పెట్టేయండి, ఒక్క రూపాయి కూడా గీకకూడదు. నాలుగో నెలలో బాకీ పూర్తిగా తీరి 3 వేల పైచిలుకు మిగులుతుంది. బ్యాంకులో ఉన్న 14 వేలను కూడా కార్డుకే కట్టేస్తే వడ్డీ దాదాపు 2 వేలు ఆదా అవుతుంది, నిజమే. అయినా ముట్టుకోవద్దంటాను. చేతిలో పైసా లేని ఇంట్లో పాపకు జ్వరం వచ్చినా, బండి టైరు పోయినా మళ్లీ ఆ కార్డే బయటికి వస్తుంది. మీలాంటి కుటుంబాలు కార్డు ఊబిలోంచి బయటపడలేకపోవడానికి కారణం వడ్డీ ఒక్కటే కాదు, చేతికింద డబ్బు లేకపోవడం.

ఐదో నెలనుంచి అదే 9,350 అత్యవసర నిధికి. ఎనిమిదో నెలకల్లా 40 వేలు చేరుతుంది, పాత 14 వేలతో 54 వేలు. మీ తప్పనిసరి ఖర్చు నెలకు 36,650 కాబట్టి ఆరు నెలలకు 2,19,900 కావాలి. ఒకే జీతం మీద నడిచే ఇల్లు మీది. మీవారి ఉద్యోగం మూడు నెలలు ఆగిందనుకోండి, అద్దె ఆగదు, రెండు ఈఎంఐలూ ఆగవు. ఆరు నెలల కన్నా తగ్గించమని మీకు చెప్పలేను. ఈ డబ్బు జీతం పడే ఖాతాలో ఉంచకండి. వేరే బ్యాంకులో ఏటీఎం కార్డు తీసుకోని పొదుపు ఖాతా, కొంత పెరిగాక అందులోనే ఫిక్స్‌డ్ డిపాజిట్. జీతం పడిన మర్నాడే ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి. ఎక్కువ రాబడి కోసం మ్యూచువల్ ఫండ్, చిట్టీ అని ఎవరైనా చెబితే, అవి ఈ నిధి నిండాక.

ఆరోగ్యం కోసమే జ్యూసర్ అంటున్నారు కానీ, ఆరోగ్య బీమా ఊసే మీ ప్రశ్నలో లేదు. కంపెనీ పాలసీ ఉంటే ఎంతకు ఉంది, మీకూ పాపకూ వర్తిస్తుందా అన్నది ఈ వారమే కనుక్కోండి. ఉద్యోగం పోతే అదీ పోతుంది. కాబట్టి మీ ముగ్గురికీ కలిపి సొంతంగా ఒక ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ ఒకే బీమా మొత్తం ఉండే పాలసీ) కావాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంల మీద జీఎస్టీ లేదు. మామయ్యగారిని ఇదే పాలసీలో కలపకండి. ఇంట్లో పెద్దవాళ్ల వయసును బట్టే ప్రీమియం లెక్కిస్తారు, మీ ముగ్గురికీ భారం పెరుగుతుంది. ఆయనకు 70 దాటాయి కాబట్టి, ఆదాయంతో సంబంధం లేకుండా కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చిన ఆయుష్మాన్ వయ వందన కింద 5 లక్షల దాకా చికిత్సకు అర్హత ఉంది. ఆధార్‌తో నమోదు చేయించి, మీకు దగ్గరి ఆసుపత్రుల్లో ఏవి ఆ జాబితాలో ఉన్నాయో ముందే రాసిపెట్టుకోండి. మీకు తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ సంగతీ చూడండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి 10 లక్షలు. ప్రైవేటు పాలసీ తీసుకుంటే షుగర్ ఉందని ఫారంలో తప్పక రాయాలి. పాత జబ్బులకు వేచి ఉండే గడువు గరిష్ఠంగా మూడేళ్లు. ఎంత ఆలస్యంగా మొదలుపెడితే అంత ఆలస్యంగా ఆ గడువు తీరుతుంది.

ఇప్పుడు జ్యూసర్ దగ్గరికి వద్దాం. అందరూ యంత్రం ధరే చూస్తారు, పండ్ల ఖర్చు చూడరు. నలుగురికి 200 మిల్లీలీటర్ల చొప్పున అంటే 800. క్యారెట్, బత్తాయి లాంటివాటిలో కిలోకు సగం బరువు రసం దిగితే అదే బాగా దిగినట్టు. అంటే రోజుకు కిలోన్నర పైనే కావాలి. కిలో 60 అనుకున్నా రోజుకు దాదాపు 100 రూపాయలు, నెలలో 25 రోజులు తీస్తే 2,500. ఏడాదికి 30 వేలు, యంత్రం ధరకన్నా ఎక్కువ. మీ సరుకుల బడ్జెట్ 9,000లో ఈ 2,500 ఎక్కడుంది? ఈఎంఐ 2,000 అని మీరనుకుంటున్నది నిజానికి నెలకు 4,500. కరెంటుకు భయపడక్కర్లేదు. 200 వాట్ల యంత్రం రోజుకు పావుగంట తిరిగితే నెలంతా కలిపి యూనిట్‌న్నర.

మామయ్యగారికి రోజూ జ్యూస్ అన్నది డాక్టరును అడగకుండా మొదలుపెట్టకండి. ఒక గ్లాసు బత్తాయి రసానికి మూడు నాలుగు కాయలు పడతాయి. పీచు పిప్పిలో పోయి చక్కెర గ్లాసులోకి వస్తుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కూడా రసం కన్నా పండునే తినమని ఉంది. పండు కోసి ఇస్తే ఖర్చూ సగం.

పాపకు, మీకు వారానికి రెండు మూడుసార్లు కావాలంటే ఇంట్లో ఉన్న మిక్సీ చాలు. పుచ్చకాయ, ద్రాక్ష, టమాటాకు జ్యూస్ జార్ బాగా పనిచేస్తుంది. దానిమ్మ గింజలను విప్ మీద రెండు మూడుసార్లు తిప్పి ఆపి వడకట్టాలి. ఆపకుండా తిప్పితే లోపలి గింజ నలిగి వగరు దిగుతుంది. క్యారెట్, బీట్‌రూట్ సన్నగా తరిగి, అరగ్లాసు నీళ్లతో రుబ్బి పలుచని గుడ్డలో పిండండి. బత్తాయికి మాత్రం మిక్సీ వద్దు. వెయ్యి, వెయ్యిన్నరలో దొరికే చిన్న సిట్రస్ జ్యూసర్ చాలు. సగం కోసిన కాయను దానిమీద అదిమి, రసం ఆగగానే తీసేయాలి. ఇంకా తిప్పితే తెల్లపొర గీరుకుని చేదెక్కుతుంది. పిండిన వెంటనే తాగాలి, నిలవుంచితే చేదు తేలుతుంది.

6 వేలలో వచ్చే సెంట్రిఫ్యూగల్ జ్యూసర్ వేగంగా తిరిగి నురగ ఎక్కువ తెస్తుంది, పిప్పి తడిగానే ఉండిపోతుంది, ఆకుకూరల్లో రసం దాదాపు దిగదు. దానికన్నా మిక్సీయే నయం. కోల్డ్ ప్రెస్ నిమిషానికి 40 నుంచి 80 చుట్లే తిరుగుతుంది. క్యారెట్, ఉసిరి, అల్లం, ఆకుకూరల్లో తేడా అక్కడ కనిపిస్తుంది. కానీ 24 వేలదానికీ, 9, 10 వేలదానికీ తేడా చాలావరకు వెడల్పు మూతిలోనూ, విడిభాగాల గట్టిదనంలోనూ ఉంటుంది, గ్లాసులోని రసంలో కాదు.

ఏడాది తర్వాత డబ్బు కట్టి కొనేటప్పుడు అరకిలో క్యారెట్ తీసుకుని షాపుకు వెళ్లి డెమో అడగండి. వచ్చిన పిప్పిని పిడికిట్లో గట్టిగా పిండండి. చుక్కలు కారితే ఆ యంత్రం వద్దు. వారంటీ పదేళ్లు అంటే మోటారుకే. చాలా కంపెనీలు జల్లెడకు, ఆగర్‌కు (లోపల తిరుగుతూ పండును నలిపే మరకు), రబ్బరు భాగాలకు ఏడాదికి మించి ఇవ్వవు, పాడయ్యేవీ అవే. జల్లెడ విడిగా ఎంత, ఖమ్మంలో దొరుకుతుందా అని బిల్లు వేయకముందే అడగండి. క్యారెట్‌ను నిలువుగా నాలుగు చీలికలు చేసి ఒక్కొక్కటిగా వేయాలి. లావు ముక్కలు కుక్కితే జల్లెడ పగులుతుంది. అల్లం, కాడలున్న ఆకులు అంగుళం ముక్కలు చేయకపోతే పీచు ఆగర్‌కు చుట్టుకుని మూత బిగుసుకుంటుంది. అప్పుడు బలంగా లాగకుండా రివర్స్ నొక్కాలి. వాడిన వెంటనే కడగాలి. రోజూ ఏడెనిమిది నిమిషాలు ఆ పనికి పడతాయి. ఆరిన పిప్పి జల్లెడ కన్నాల్లో గట్టిపడితే రసం పక్కనుంచి కారడం మొదలవుతుంది.

ఆఫర్ ఆదివారంతో అయిపోతుందన్నారు. దసరాకు వస్తుంది, సంక్రాంతికి వస్తుంది, మధ్యలో ఇంకో పేరుతోనూ వస్తుంది. ఆ ఆదివారం మీరు చేయాల్సింది కార్డు యాప్ తెరిచి మినిమం డ్యూకు బదులు మీరు కట్టగలిగినంత మొత్తం టైప్ చేయడం.