మీ ఆదివారం మీటప్ గురించి, చిన్నాకి మావయ్య రాసేది

చిన్నా,

మొన్న రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు సరిగ్గా మాట్లాడలేకపోయాను, నువ్వేమో బస్సులో ఉన్నావు, రణస్థలం దాటాక సిగ్నల్ పోయింది, సగం మాటలు అందనే లేదు. అందుకే తీరుబడిగా కూర్చుని రాస్తున్నాను, పెద్దగా ఉందని విసుక్కోకుండా చదువు.

నాకు అర్థమైంది ఇది. శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర మేడమీద గదిలో నెలకో ఆదివారం ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్న పాతికమంది కలుస్తున్నారు, సగంమందికి బోర్డులు ముందేసుకుని వైర్లు పీకి పెట్టుకుంటే చాలు, మిగతావాళ్ళకేమో ఎవడైనా క్లయింటు తగులుతాడా, ఇది కంపెనీ అవుతాదా అన్న ధ్యాస. ఇప్పుడొకాయన గది అద్దె, టీ ఖర్చు నేను పెట్టుకుంటాను, ప్రతిసారీ మొదట్లో నాకు అరగంట మైకు ఇవ్వండి అన్నాడు. సరదాకి వచ్చేవాళ్ళు మొహం మాడ్చుకున్నారు, వ్యాపారం వాళ్ళు ఇంతకంటే మంచి బేరం ఏటి కావాలంటున్నారు. మధ్యలో నువ్వు నలుగుతున్నావు.

నా మాట ముందే చెప్పీస్తాను. సరదా, వ్యాపారం రెండూ ఒకే గదిలో ఉండొచ్చు. కానీ బల్లమీద పెట్టిన ప్రతి సామానూ దేనికోసం తెచ్చాడో తెచ్చినవాడు అప్పుడే నోరు తెరిచి చెప్పాలి. "ఇది సరదాకి చేసాను, ఫోటో తీసుకోండి, కాపీ కొట్టుకోండి" అని గానీ, "ఇది అమ్ముదామని చేస్తున్నాను, చూడండి గానీ సర్క్యూట్ అడక్కండి" అని గానీ. ఈ ఒక్క మాట అనుకోకపోవడం వల్ల నాకేటి జరిగిందో నీకెప్పుడూ చెప్పలేదు, మీ అమ్మకి తెలుసు.

2008లో సంగతి. ఇక్కడ మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర నా రిపేరు షాపు బాగా నడుస్తున్న రోజులు. రాత్రి తొమ్మిదికి షట్టర్ సగం దించీసి అయిదారుగురం కూర్చునేవాళ్ళం, ఒకడు ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కట్టేవాడు, ఒకడు పాడైన యూపీఎస్ పట్టుకొచ్చేవాడు, పదకొండయినా లేచేవాళ్ళం కాదు. అప్పట్లో పొలాలకి కరెంటు ఏ అర్ధరాత్రో ఇచ్చేవారు కదా, రైతులు టార్చిలైటు పట్టుకుని గట్లమీద పాములకి భయపడుతూ వెళ్ళి మోటారు వేసేవారు. చీపురుపల్లి వైపు మా చిన్నాన్న కూడా అలాగే వెళ్ళేవాడు, ఆయన కోసం ఒకటి కట్టాను. పాత నోకియా ఫోనుకి హెడ్‌సెట్ గుచ్చి ఆటో ఆన్సర్‌లో పెట్టీసాను, మనం ఇంటి దగ్గర్నుంచి ఫోన్ చేసి 1 నొక్కితే ఆ టోను 8870 ఐసీకి వెళ్తాది, అది ఏ అంకో గుర్తుపట్టి రిలే, అంటే కరెంటుతో పడే స్విచ్చు, కొడతాది. ఒక రిలే స్టార్టర్ పచ్చ బటన్‌కి పేరలల్‌గా, ఇంకోటి ఎర్ర బటన్‌తో సిరీస్‌లో, అంతే. దానికి కావలసిన 3.58 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఇక్కడ దొరక్క హైదరాబాద్ వెళ్ళినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో వెతికి తెచ్చాను. హెడ్‌సెట్ మైకు పీకకుండా వదిలీసాను, అందుకని షాపులో కూర్చుని మొదటిసారి 1 నొక్కినప్పుడు అవతల స్టార్టర్ టక్‌మని పడిన చప్పుడు, ఆ వెంటనే మోటారు ఎక్కుతున్న రొద అన్నీ ఫోన్లో వినపడ్డాయి. అందరం ఆ ఫోను చుట్టూ తలలు దగ్గర పెట్టి విన్నాం. ఆ నిమిషం నాకు ఇప్పటికీ గుర్తే.

మర్నాడు రాత్రి సర్క్యూట్ జిరాక్స్ తీసి అందరికీ ఇచ్చీసాను. నాలుగు నెలలు తిరక్కుండా అందులో ఒకడు దాన్నే రేకు పెట్టెలో బిగించి, స్టిక్కర్ వేసి, ఊరూరా అమ్ముతున్నాడని తెలిసింది. నేను వెళ్ళి అడిగాను, అతను "నువ్వే కదా ఇచ్చావు" అన్నాడు, మాటా మాటా పెరిగింది, మిగతావాళ్ళు రెండు జట్లయిపోయారు, ఇక షట్టర్ కింద ఎవరూ కూర్చోలేదు. ఇన్నేళ్ళకి ఆలోచిస్తే అతన్నొక్కణ్ణే అనలేను. కాగితం చేతిలో పెట్టినప్పుడు ఇది దేనికిస్తున్నానో నేను చెప్పలేదు. అమ్ముకున్నందుకు పోయిన డబ్బు నాకు పెద్ద లెక్క కాదు చిన్నా, ఆ రాత్రులు పోయాయి.

ఇది మన దగ్గర మాత్రమే జరిగే గొడవ అనుకోకు. 1975 మార్చి 5న కాలిఫోర్నియాలో మెన్లో పార్క్ అనే చోట గోర్డన్ ఫ్రెంచ్ ఇంటి గ్యారేజీలో హోంబ్రూ కంప్యూటర్ క్లబ్ మొదలైంది, ఇంట్లో కట్టుకునే కంప్యూటర్ ఆల్టెయిర్ 8800 కిట్ వచ్చిన కొత్తల్లో. తర్వాత ఆపిల్ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ తన కంప్యూటర్ బోర్డు సర్క్యూట్ కాగితాలు అక్కడ ఊరికే పంచిపెట్టేవాడు. ఆ బోర్డే 1976లో ఆపిల్ 1 అయింది, పాల్ టెరెల్ అనే షాపు ఓనరు 50 బోర్డులకి ఆర్డర్ ఇచ్చాడు, షాపులో ఒక్కోటి 666.66 డాలర్లకి అమ్మారు. మరి అదే క్లబ్బులో బిల్ గేట్స్ వాళ్ళు రాసిన ఆల్టెయిర్ బేసిక్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్న పేపర్ టేపు కాపీలు తీసి చేతులు మార్చారు, దానిమీద 1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ హాబీ వాళ్ళందరికీ బహిరంగ లేఖ రాసి మీలో చాలామంది సాఫ్ట్‌వేర్ దొంగిలిస్తున్నారు అన్నాడు. చూడు మరి, తనంతట తాను పంచినవాడి వల్ల ఏ గొడవా లేదు, అడక్కుండా తీసి పంచినప్పుడే వచ్చింది.

అయినా ఆ క్లబ్బు 1986 దాకా నడిచింది. వాళ్ళ పద్ధతి ఒకటి నువ్వు ఎత్తుకొచ్చీయొచ్చు. లీ ఫెల్సెన్‌స్టీన్ అనే ఆయన నడిపించేవాడు, మొదటి భాగానికి మ్యాపింగ్ అని పేరు, ఒక్కొక్కరు లేచి నా దగ్గర ఇది ఉంది, నాకిది కావాలి, ఫలానా చోట ఇది దొరుకుతోంది అని రెండు ముక్కలు చెప్పి కూర్చోవడం. తర్వాత రాండమ్ యాక్సెస్, ఎవరితో పనుందో వాళ్ళ దగ్గరికి వెళ్ళి గుంపులుగా మాట్లాడుకోవడం. మీ పాతికమందికి మనిషికి ఒక నిమిషం చాలు. ఆ నిమిషంలోనే "సరదాకి" అనో "అమ్మడానికి" అనో మాట వచ్చీయాలి. అప్పుడు క్లయింటు కోసం వచ్చినవాడికి ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలుస్తాది, మిగతావాళ్ళని పీక్కు తినడు.

ఇంక ఆ అరగంట మైకు సంగతి. పోయినేడు ఇక్కడొక మీటింగ్‌కి వెళ్ళాను, ఇలాగే ఎవరో ఖర్చు పెట్టుకున్నారు, మొదలుపెట్టడమే నలభై నిమిషాలు ఫీజులు, ప్యాకేజీలు, డిస్కౌంట్లు. నా పక్కన పాలిటెక్నిక్ చదివే గుంటడొకడు ఒళ్ళో సబ్బుపెట్టె పట్టుకుని కూర్చున్నాడు, మూత తీసి ఒకసారి చూసుకుంటాడు, మళ్ళీ మూసీస్తాడు. ఆ ప్రొజెక్టర్ ఆరేసరికి టైమ్ అయిపోయింది, పెట్టె బ్యాగులో పెట్టీసుకున్నాడు. మెట్లమీద ఆపి చూపించమన్నాను. మేకు కాల్చి కన్నాలు పెట్టాడు, లోపల వైఫై ఉన్న చిన్న చిప్ ఈఎస్‌పీ32, ఇంటి ట్యాంకులో నీళ్ళెంతున్నాయో ఫోనుకి చెప్తాది. టంకం కూడా నీటుగా ఉంది. పక్కనే నిలబడి అరగంట మాట్లాడినా ఆ గుంటడి మొహం విప్పారలేదు, మళ్ళీ నేనతన్ని ఏ మీటింగ్‌లోనూ చూడలేదు.

కాబట్టి ఆయన డబ్బులు తీసుకో, తప్పు లేదు. గోడమీద ఆయన పేరు రాయి, టీ ఇచ్చేటప్పుడు థాంక్స్ చెప్పు, చివర్లో పది నిమిషాలు ఇయ్యి, ఉండాలనుకున్నవాళ్ళు ఉంటారు. మొదటి గంటన్నర మాత్రం బల్లలకే. ఒప్పుకోకపోతే మనిషికి నెలకి యాభై వేసుకోండి, పాతికమందికి పన్నెండు వందల యాభై, గది చిన్నదైతే చిన్నదే. ఎవరెంత ఇచ్చారో, దేనికి ఖర్చయిందో పుస్తకంలో రాసి బల్లమీద పెట్టు, ఎవరడిగినా అడక్కపోయినా.

వ్యాపారస్తుల్ని పిలవాలంటే ఇంకో దారుంది. సరుకు తీసుకురావొద్దు, ఇబ్బంది తీసుకురండి అని చెప్పు. పలాసలో జీడి ఫ్యాక్టరీ ఆయన్ని పిలు. పప్పుమీద పొట్టు ఊడాలంటే గంటల తరబడి వేడిలో ఆరబెట్టాలి, వేడి తగ్గితే పొట్టు రాదు, ఎక్కువైతే పప్పు మాడతాది, విరిగిందంటే గుండుకొచ్చే రేటు ముక్కకి రాదు. ఆయన ఒక ట్రేలో పప్పు పట్టుకొచ్చి ఇదీ నా కష్టం అంటే, మీ సరదా బ్యాచ్ వాళ్ళే ముందు ఎగబడతారు చూడు, సెన్సర్ ఎక్కడ పెట్టాలి, నాలుగు మూలలా వేడి ఒకేలా ఉందా అని. అందులోంచి ఎవడికైనా పని దొరికితే దొరుకుతాది.

ఇక ఆర్డరు వచ్చినవాడికి చెప్పాల్సినవి. ఒకటి పనిచేసిందని యాభై ఒప్పుకోవద్దు. చిన్నాన్న పొలంలో నాది ఏడాది చక్కగా పనిచేసింది, అదే చూసి పక్క ఊళ్ళో ముగ్గురికి కట్టి ఇచ్చాను. ఒకదాంట్లో బల్లి దూరి కాంటాక్టుల మధ్య మాడిపోయింది, ఒకటి మొదటి ఉరుముల వానకే బోర్డు కాలిపోయింది, మూడోదాంట్లో చీమలు గూడు పెట్టాయి. కన్నాలకి రబ్బరు బుష్‌లు, లైనుమీద కరెంటు ఒక్కసారిగా ఎగిస్తే అడ్డుకునే ఎంఓవీ, సముద్రం దగ్గరైతే బోర్డుకి వార్నిష్, ఇవన్నీ ఆ తర్వాత నేర్చుకున్నాను. సామాను 650 అయింది, 900కి ఇచ్చాను, తిరిగిన తిరుగుళ్ళకి పెట్రోలే అంతకంటే ఎక్కువయింది. ధర కట్టేటప్పుడు రెండుసార్లు రిపేరుకి వెళ్ళే ఖర్చు ముందే కలపమను.

పేటెంట్ ఆలోచన ఏమాత్రం ఉన్నా అప్లికేషన్ వేసాకే మీటప్‌లో చూపించమను, పదిమందిలో చూపించీసాక కొత్తదనం లేదంటారు. వైఫై, బ్లూటూత్ ఉన్నది అమ్మాలంటే కేంద్ర టెలికాం శాఖ ఇచ్చే ఈటీఏ అనుమతి చూసుకోవాలి. కోడ్ నెట్‌లోంచి తెచ్చుకుంటే లైసెన్స్ చదవాలి, ఎంఐటీ అయితే వాళ్ళ నోటీసు ఉంచితే సరిపోతాది, జీపీఎల్ అయితే కొన్నవాడికి సోర్స్ కూడా ఇవ్వాలి. మీవాళ్ళు పంచే కోడ్‌కి కూడా ఏదో ఒకటి పెట్టమను, మేం జిరాక్స్ కాగితం మీద రాయనిది అదే.

అన్నిటికంటే, అమ్మే ఆలోచనే లేనివాణ్ణి "దీనివల్ల ఏటి లాభం" అని అడగనివ్వకు. నువ్వు నడిపించేవాడివి కాబట్టి ఆ మాట వస్తే అక్కడే ఆపాలి, నెమ్మదిగానే, కానీ ఆపాలి.

వచ్చే నెల రెండో ఆదివారం నేను వస్తాను, పొద్దున్న రైలెక్కి ఆమదాలవలసలో దిగుతాను, స్టేషన్‌కి బండి పట్టుకురా, సిగ్నల్ని తెరమీద గీసి చూపించే నా పాత ఆసిలోస్కోప్ తెస్తున్నాను, బరువుంటాది. చిన్నాన్న పొలంలో బిగించిన ఆ మొదటి పెట్టె కూడా అటకమీదే ఉంది, దాన్నీ తెస్తాను. ఫోను పోయింది గానీ 8870 ఇంకా బతికే ఉంటాది, మీ బల్లమీద కరెంటిచ్చి చూద్దాం.

మావయ్య
విజయనగరం