పాత స్కర్ట్ బిగుతా? కత్తెర పట్టే ముందు తిరగేసి చూడండి

ప్రశ్న: పాత బట్టలమ్మే చోట 1950ల నాటి ఉన్ని స్కర్ట్ ఒకటి కొన్నాను. ఏ-లైన్ కట్ (నడుం దగ్గర సన్నగా మొదలై కిందికి వెడల్పయ్యేది), ఎడమ పక్క మెటల్ జిప్, సన్నటి నడుం పట్టీ. సీటు (తుంటి) దగ్గర బానే పడుతోంది కానీ నడుం దగ్గర రెండున్నర ఇంచులు తక్కువ, హుక్కు అందట్లేదు. టైలర్‌ని అడిగితే రెండు పక్కలా వేరే గుడ్డ ముక్కలు వేసేస్తానన్నారు, నాకు మనసొప్పలేదు. స్కర్ట్ పాడవకుండా పెద్దది చేసే దారి ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉందండీ. సీటు దగ్గర సరిపోయి నడుం ఒక్కటే చాలకపోతే ఆ స్కర్ట్ చాలావరకు దారికొచ్చేస్తుంది, ఎందుకంటే కుట్టేవాళ్ళు గుడ్డని ఎక్కువగా దాచేది నడుం దగ్గరే. ముక్క వేయడం తప్పని కాదు, కానీ లోపలున్న గుడ్డంతా వాడేశాక ఇంకా చాలకపోతే అప్పుడు చూడాల్సిన పని అది.

ముందు కొలత ఇంకోసారి తీసుకోండి. ఆ కాలం స్కర్టులు బొడ్డు కింద కాదు, నడుం బాగా సన్నగా ఉండే చోట, అంటే బొడ్డుకి కాస్త పైన నిలబడేలా కుట్టినవి, చాలామంది కిందకి లాగి వేసుకుని చిన్నదైపోయిందనుకుంటారు. పైగా అప్పట్లో లోపల నడుం బిగించే గర్డిల్ వేసుకోవడం మామూలు కాబట్టి నడుముకీ సీటుకీ మధ్య తేడా ఇప్పటి బట్టల్లో కన్నా ఎక్కువే ఉంటుంది. లేబుల్ మీద సైజ్ నంబర్ అస్సలు పట్టించుకోకండి, అది ఇప్పటి నంబర్లతో కలవదు, టేపునే నమ్మండి. మీ నడుం కొలతకి 1 ఇంచ్, సీటు కొలతకి 2 ఇంచులు కలుపుకుంటే స్కర్ట్‌కి ఉండాల్సిన కొలత వస్తుంది. కూర్చుని కూడా కొలవండి, కూర్చుంటే సీటు ఇంచ్ పైనే పెరుగుతుంది.

ఇప్పుడు స్కర్ట్ తిరగేసి కుట్టు మార్జిన్, అంటే కుట్టు అవతల లోపల మిగిల్చిన గుడ్డ, ఎంత వదిలారో చూడండి. ఇప్పటి రెడీమేడ్లలో అర ఇంచ్ ఉంటే గొప్ప, పాత వాటిలో, ముఖ్యంగా ఇంట్లోనో టైలర్ దగ్గరో కుట్టించుకున్న వాటిలో, ముప్పావు నుంచి 1 ఇంచ్ దాకా దొరుకుతుంది. మీ దానికి ముప్పావు ఇంచ్ ఉందనుకుందాం. ఒక్కో అంచు నుంచి పావు ఇంచ్ వదిలితే రెండు పక్క కుట్లకి నాలుగు అంచులు కాబట్టి 1 ఇంచ్ వస్తుంది. వెనక మధ్యలో కుట్టు ఉంటే ఇంకో అర ఇంచ్. ముందూ వెనకా కలిపి నాలుగు డాట్లు (నడుం దగ్గర షేప్ కోసం గుడ్డని లోపలికి కోసుగా మడిచి కుట్టినవి) ఉంటే ఒక్కోదాన్ని పావు ఇంచ్ సన్నం చేస్తే మరో 1 ఇంచ్. మొత్తం రెండున్నర. మీకు కావాల్సింది అంతే! అంతా ఒక్కచోట లాగకుండా ఇలా అన్ని కుట్లకీ కొంచెం కొంచెం పంచితే షేప్ చెడదు, బయటికి మార్చినట్టే తెలీదు. పక్క కుట్టు పైన పావు ఇంచ్‌తో మొదలై సీటు దగ్గరికొచ్చేసరికి పాత కుట్టులో కలిసిపోవాలి, అక్కడ గంటు పడితే బయటికి బుడిపెలా కనిపిస్తుంది. లైనింగ్ ఉంటే దాన్నీ అంతే వదలాలి, ఇది మర్చిపోయి పైగుడ్డ ఒక్కటే వదిలితే మళ్ళీ అదే బిగుతు.

కానీ ఇదంతా చేసే ముందు ఒక్క ఇంచ్ మేర కుట్టు విప్పి చూడండి, పట్టీ కింద కనపడని చోట. వెలుతురులో పట్టుకుని చూస్తే లోపల దాగిన గుడ్డ ముదురు రంగులో కొత్తదానిలా ఉంటుంది, బయటి గుడ్డ కొంచెం వెలిసి ఉంటుంది, రెండిటి మధ్య పాత మడత గీత, అందులో ఇన్నేళ్ళ దుమ్ము, సూది చిల్లుల వరస కనిపిస్తాయి. ఉన్ని అయితే పైన తడిగుడ్డ వేసి ఆవిరి పట్టి గోటితో మెల్లగా రుద్దితే చిల్లులు చాలావరకు మూసుకుంటాయి, కాటన్ కూడా ఉతికితే సర్దుకుంటుంది. శాటిన్, టఫెటా, వెల్వెట్‌లో మాత్రం చిల్లు చిల్లే, పోదు. రంగు తేడా బాగా కొట్టొచ్చినట్టుంటే పక్క కుట్లు ముట్టుకోకుండా ఆలోచించాలి. దుమ్ము గీత మీద ఇస్త్రీ పెట్టకండి, వేడికి అది అక్కడే అంటుకుపోతుంది, ముందు గుడ్డకి తగ్గట్టు శుభ్రం చేయించి తర్వాతే ఇస్త్రీ.

మీ జిప్ పక్కనుంది కాబట్టి ఆ వైపు కుట్టు వదలాలంటే దాన్ని విప్పక తప్పదు. భయపడక్కర్లేదు, విప్పి మళ్ళీ అదే జిప్‌ని చేత్తో చిన్న చిన్న కుట్లతో వేయించండి. మెటల్ జిప్ తీసి నైలాన్ది వేస్తామంటే ఒప్పుకోకండి, 60ల్లో నైలాన్ జిప్పులు బాగా వాడుకలోకి రాకముందు కుట్టిందని చెప్పే గుర్తుల్లో అదొకటి. బిగుసుకుపోయి ఉంటే పళ్ళ మీద కొవ్వొత్తి మైనం రుద్దండి చాలు.

ఇక నడుం పట్టీ. స్కర్ట్ పెరిగింది కాబట్టి పట్టీ కూడా రెండున్నర ఇంచులు పెరగాలి. హుక్కు కింద లోపలికి పోయే ముక్క ఎంతుందో చూడండి, ఒక్కోసారి అక్కడే ఇంచ్ పైన మిగిలుంటుంది, హుక్కు జరిపితే సగం పని అయిపోతుంది. చాలకపోతే పక్క కుట్ల దగ్గర పట్టీ తెరిచి, రెండు చోట్ల ఒకటింపావు ఇంచ్ చొప్పున అదే గుడ్డ ముక్కలు కలపాలి. గుడ్డెక్కడిదంటారా, కింద అంచు మడతలో ఉంది. పాత స్కర్టులకి 2, 3 ఇంచుల మడత ఉండటం మామూలే, 3 ఇంచులుంటే 2 ఇంచుల పేలిక కోసి తీసుకుని, మిగిలిన అంచుకి రిబ్బన్ టేపు కుట్టి మళ్ళీ మడిస్తే పొడవు తగ్గదు. కోయడం అస్సలు ఇష్టం లేదంటే పాత పట్టీ మొత్తం విప్పి దాచేసి, నడుం అంచుకి లోపలివైపు అడ్డగీతలుండే గట్టి రిబ్బన్ (గ్రోగ్రెయిన్) వేయించండి. మీ స్కర్ట్‌కి నేనైతే ఇదే చేస్తాను, రేపెప్పుడైనా మళ్ళీ పాత పట్టీ తిరిగి పెట్టేయొచ్చు.

కుట్లు విప్పేటప్పుడు దారం పట్టి గుంజొద్దు. ఒకవైపు మూడు నాలుగు కుట్లకొకటి తెంచుకుంటూ పోతే రెండోవైపు దారం దానంతటదే ఊడొస్తుంది. తిరిగి కుట్టేటప్పుడు సన్న సూది, గుడ్డ కన్నా బలమైన దారం వద్దు, లాగుడు పడినప్పుడు తెగాల్సింది కుట్టే కానీ గుడ్డ కాదు, కుట్టయితే మళ్ళీ వేసుకోవచ్చు. ముందు పొడవాటి కచ్చా కుట్టు వేసి, తొడుక్కుని, కూర్చుని, నాలుగడుగులు నడిచి చూశాకే మెషిన్ కుట్టు.

ప్రశ్న: నాది ఫుల్ సర్కిల్ స్కర్ట్ (పరిస్తే పూర్తి గుండ్రంగా ఉండేది), కాటన్, అడుగున ప్రింట్ బార్డర్ ఉంది. నడుం 3 ఇంచులు తక్కువ, లోపల మార్జిన్ ఏమీ లేదు. వదులుకోవాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదండీ, సర్కిల్ స్కర్ట్‌కి మార్జిన్ లేకపోయినా పర్లేదు. పట్టీ విప్పి నడుం గుండ్రాన్ని కొంచెం కిందికి దింపితే చుట్టుకొలత దానంతటదే పెరుగుతుంది, ఫుల్ సర్కిల్లో అర ఇంచ్ దింపితే దాదాపు 3 ఇంచులు, హాఫ్ సర్కిల్లో అయితే అందులో సగం. పొడవు తగ్గేది ఆ అర ఇంచే, బార్డర్ జోలికే వెళ్ళం. అయితే గుండ్రంగా కోసిన చోట గుడ్డ క్రాస్‌లో (నేత దారాలకి ఏటవాలుగా) ఉండి సాగుతుంది కాబట్టి లెక్కకన్నా కాస్త తక్కువే, అంటే పావు, మహా అయితే మూడు ఎనిమిదో వంతుల ఇంచ్ కోసి చూడండి. కోయకముందే కొత్త గీతకి కొంచెం కిందగా ఒక వరస మెషిన్ కుట్టు వేసుకుంటే సాగదు. జిప్ పైభాగం కూడా అంతమేర దించి వేసుకోవాలి. పట్టీకి మాత్రం వేరే గుడ్డ కావాలి, ప్రింట్‌లో ఉన్న రంగుల్లో ముదురుది ఎంచుకోండి, బెల్టులా కలిసిపోతుంది.

ప్రశ్న: శాటిన్ పెన్సిల్ స్కర్ట్, సీటు దగ్గర 3 ఇంచులు బిగుతు. బలవంతంగా తొడిగితే పక్క కుట్టు దగ్గర దారాలు విడిపోతున్నాయి.

జవాబు: ఇంక తొడగొద్దండీ, దయచేసి. దారాలు జరుగుతున్నాయంటే కుట్టు ఆగినా గుడ్డ ఆగట్లేదని అర్థం, అది మార్జిన్ వదిలితే తీరేది కాదు, వదిలినా పాత చిల్లుల వరస బయటపడి అక్కడే చిరుగుతుంది. వేసుకోవాలనే ఉంటే రెండు పక్కలా పైనుంచి కిందదాకా ఒకటిన్నర ఇంచ్ వెడల్పు ప్యానెల్స్ పెట్టొచ్చు, వేరే రకం గుడ్డతో, డిజైన్‌లా కనపడేలా. దాచాలని చూస్తే శాటిన్‌లో ఎప్పుడూ తెలిసిపోతుంది. విడిపోయిన చోటుకి వెనకనుంచి పల్చటి పట్టు గుడ్డ పెట్టి చేత్తో కుట్టాకే ప్యానెల్ పని మొదలెట్టాలి. అంత పని వద్దనుకుంటే దానికి సరిపోయే కొలతలున్న వాళ్ళెవరికైనా ఇవ్వండి, నా ఓటు దానికే.