బందరు వెళ్తున్నావటగా

చి. చిన్నమ్మాయికి ఆశీస్సులు.

శనివారం స్నేహితులతో బందరు వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఇన్నేళ్లూ బెజవాడ బందరు రోడ్డు మీదే ఆఫీసుకు తిరుగుతూ, ఆ రోడ్డు ఎక్కడికి పోతుందో చూడాలని ఇప్పటికి బుద్ధి పుట్టిందన్నమాట!

డెబ్బై కిలోమీటర్లే. పొద్దున్నే ఆరింటికి బస్సెక్కితే ఎండ ముదరక ముందే కోట దగ్గర ఉంటారు. అందరూ ముందు మంగినపూడి బీచ్‌కి పరిగెడతారు. మీరు దాన్ని సాయంత్రానికి ఉంచుకోండి. కోట దగ్గర నీడ తక్కువ, మంచినీళ్లు వెంట ఉండాలి. ఆటో రానూపోనూ మాట్లాడుకోండి. ఓసారి నేను పెద్దమనిషిలా ఆటోని పంపేసి, మిట్టమధ్యాహ్నం ఊళ్లోకి నడిచొచ్చాను. మీ పెద్దమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

కోటంటే గోల్కొండలాంటిది ఊహించుకోకు. మిగిలినవి కొన్ని మొండి గోడలు, పాత కట్టడాలు, పిచ్చిమొక్కలు. అయినా ఓ పావుగంట ఊరికే నిలబడు. గోల్కొండ సుల్తానుల కాలంలో పెద్ద రేవు ఇదే. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో ఇక్కడికొచ్చింది మన అద్దకం బట్టల కోసం. 1864 నవంబరు 1 రాత్రి తుపానుకు ఉప్పెన ఊరి మీద పడి సుమారు 30,000 మంది పోయారు. అసలే లోతులేని రేవు, ఓడలు దూరంగా లంగరేస్తే సరుకు పడవల్లో చేరేసేవారు. ఆ ఉప్పెన తర్వాత బందరు మునుపటి బందరు కాలేదు. డచ్చి సమాధులు కూడా చూడండి, రాతి మీద చెక్కిన వంశ చిహ్నాలు వంగి చూడాల్సినంత బాగుంటాయి.

భోంచేసి, కలంకారీ అద్దకం చేసే పెడన వెళ్లండి. ఇది మాత్రం మానొద్దు. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన గుడ్డ లేత పసుపుగా ఉంటుంది. బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము పులియబెట్టిన ద్రావకంలో చెక్క అచ్చు అద్ది, గుడ్డ మీద పెట్టి పిడికిలితో ఒక్కటి గుద్దుతారు. తీసేసరికి గీత నల్లబడుతూ ఉంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు వింతే.

కొనేటప్పుడు తొందరపడకు. అచ్చూ అచ్చూ కలిసేచోట వెంట్రుకవాసి తేడా కనిపిస్తే చేతిపని. మరీ నున్నగా కుదిరితే స్క్రీన్ ప్రింటేమోనని అనుమానించు. సహజ రంగులని ఓ షాపులో నమ్మబలికితే నేను కొన్న దుప్పటి, మొదటి ఉతుక్కే నా బనియన్లన్నిటినీ గులాబీ రంగు చేసింది.

మంగినపూడిలో ఇసుక తక్కువ, నల్లమట్టి. కాళ్లు కూరుకుపోతాయి, మోకాలి లోతు దాటొద్దు. చీకటి పడకముందే బయల్దేరండి.

వచ్చేటప్పుడు తొక్కుడు లడ్డు అరకిలో తే. బెల్లంది అని అడిగి మరీ తీసుకో. డబ్బా నా చేతికే ఇవ్వు. మీ పెద్దమ్మ చేతిలో పడితే షుగరంటూ రోజుకు సగమే పెడుతుంది.

మీ పెదనాన్న