బ్రాకెట్ ఉంటే పదాలు ఎలా లెక్కపెట్టాలి?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి ఏడో తరగతి. 4(ఎక్స్ + 3) − 2ఎక్స్‌వై + 7 అనే బీజీయ సమాసంలో ఎన్ని పదాలున్నాయో రాయమని హోంవర్క్ ఇచ్చారు. వాడు 5 అని రాశాడు. ట్యూషన్ సార్ 3 అన్నారట. నేను బ్రాకెట్ విప్పి చూస్తే 4 వస్తున్నాయి. వాడికి ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, పిల్లాడి లెక్క మీరే కూర్చుని విప్పి చూశారంటే చాలా సంతోషం. బాబు 4, ఎక్స్, 3, 2ఎక్స్‌వై, 7 అని లెక్కపెట్టి ఉంటాడు. పదాలను విడదీసేవి బ్రాకెట్ బయట ఉన్న ప్లస్, మైనస్ గుర్తులే. గుణకారం విడదీయదు. 2ఎక్స్‌వైలో ఉన్నది గుణకారమే కాబట్టి వాడు దాన్ని సరిగ్గానే ఒక పదంగా తీసుకున్నాడు. 4కీ బ్రాకెట్‌కీ మధ్య ఉన్నదీ గుణకారమే, కానీ గుర్తు కనిపించదు. చాలామంది పిల్లలు తడబడేది అక్కడే.

ఇచ్చింది ఇచ్చినట్టుగా చూస్తే పదాలు 3: 4(ఎక్స్ + 3), −2ఎక్స్‌వై, 7. విప్పమని గానీ సూక్ష్మీకరించమని (కలిపి చిన్నదిగా రాయమని) గానీ అడగలేదు కనుక హోంవర్క్‌లో రాయాల్సింది ఇదే. రెండో పదాన్ని మైనస్‌తో కలిపే రాయించండి. ఆ మైనస్ వదిలేస్తే తర్వాత సజాతి పదాలు (ఒకే రకం పదాలు) కలిపేటప్పుడు లెక్క తప్పుతుంది.

మీకు వచ్చిన 4 కూడా తప్పు కాదు. విప్పితే 4ఎక్స్ + 12 − 2ఎక్స్‌వై + 7. ఇందులో 12, 7 సజాతి పదాలు, కలిపితే 4ఎక్స్ − 2ఎక్స్‌వై + 19. మళ్లీ 3 పదాలే, కానీ మొదటి మూడూ ఇవీ ఒకటి కావు. ఎక్స్‌కు 2, వైకి 1 పెట్టి చూడండి, మూడు రూపాల్లోనూ 23 వస్తుంది. విలువ మారదు, రాసే రూపాన్ని బట్టి పదాల సంఖ్య మారుతుంది. ప్రశ్న ఇచ్చేవాళ్లు 'సూక్ష్మీకరించి' అన్న మాట ఉందో లేదో పిల్లలకు స్పష్టంగా చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

ఏకపది (ఒకే పదం ఉన్నది), ద్విపది (రెండు పదాలున్నది) అని పేరు పెట్టేది మాత్రం సజాతి పదాలు కలిపాకే. 2ఎక్స్ + 3ఎక్స్‌లో రెండు పదాలున్నా అది ద్విపది కాదు. కలిపితే 5ఎక్స్, ఏకపది.

బాబుకు 6 − 5(వై − 2) ఇవ్వండి. ఉన్నది ఉన్నట్టుగా 2 పదాలు చెప్పాలి. విప్పాక 10 ముందు ప్లస్ రాశాడో లేదో చూడండి. కలిపితే 16 − 5వై రావాలి.