డచ్చి జెండా దిగినా నిలిచిన సంఘం

ప్రశ్న: న్యూయార్క్ ఒకప్పుడు డచ్చివారి న్యూ ఆమ్‌స్టర్‌డామ్ కదా. 1664లో ఊరు ఇంగ్లీషువారి పరమయ్యాక అక్కడి డచ్చి చర్చి సంఘం ఏమైంది?

జవాబు: ఏమీ కాలేదు, ఇప్పటికీ ఉంది. దాన్ని కాపాడినవి రెండు పత్రాలు. మొదటిది 1664 నాటి లొంగుబాటు ఒప్పందం. డచ్చివారికి ఆరాధనలోనూ సంఘ క్రమశిక్షణలోనూ మనస్సాక్షి స్వేచ్ఛ ఉంటుందని దాని 8వ షరతులో రాసుకున్నారు. కోటలో 1642లో మొదలుపెట్టి కట్టుకున్న రాతి గుడి అప్పుడు వారి చేతిలోనే ఉండిపోయింది. ముందు డచ్చి ఆరాధన, అది ముగిశాక అదే గుడిలో ఇంగ్లీషు పటాలం ఆరాధన జరిగేవి.

అయితే ఆరాధించుకునే స్వేచ్ఛ వేరు, ఆస్తి హక్కు వేరు. ఇంగ్లీషు చట్టం గుర్తించిన సంస్థ కాకపోతే స్థలాలు, విరాళాలు సంఘం పేరిట నిలవడం కష్టం. అందుకే పట్టుబట్టి 1696 మే 11న రాజు మూడో విలియం పేరిట చార్టర్, అంటే సంఘాన్ని చట్టబద్ధ సంస్థగా గుర్తించే రాజపత్రం, సంపాదించారు. సొంత ఆస్తి, సొంత కాపరిని (పాస్టరును) పిలుచుకునే హక్కు దానితో ఖాయమయ్యాయి. ఇంగ్లీషువారి ట్రినిటీ చర్చికి చార్టర్ వచ్చింది ఆ మరుసటి ఏడు, 1697లో! నా దృష్టిలో ఈ సంఘ చరిత్రలో అన్నిటికన్నా ముందుచూపు గల పని ఇదే.

ప్రశ్న: సంఘం మొదలైనప్పుడు ఎందరుండేవారు?

జవాబు: తొలి కాపరి యోనాస్ మిఖాయెలియస్ 1628లో వచ్చారు. మొదటి ప్రభు భోజనంలో డచ్చివారు, ఫ్రెంచి మాట్లాడే వాలూన్లు కలిసి యాభై మంది దాకా పాల్గొన్నారని ఆ ఆగస్టులో రాసిన ఉత్తరంలో చెప్పారు. వాలూన్లకు ఫ్రెంచిలోనే ప్రభు భోజనం జరిపించారు. ఆ భాషలో తడుముకోకుండా మాట్లాడగలనన్న ధీమా లేక, ప్రసంగం ముందే రాసుకుని ఎదురుగా పెట్టుకున్నారట. గవర్నరు పీటర్ మినూయిట్ సంఘ పెద్దల్లో ఒకరు.

ప్రశ్న: ఈ సంఘం బాప్తిస్మ రిజిస్టర్లలో తండ్రికీ కొడుక్కీ ఇంటిపేరు కలవదేం? అచ్చుతప్పా?

జవాబు: కాదు. చాలామందికి మన అర్థంలో ఇంటిపేరే లేదు, తండ్రి పేరే వెనక చేరేది. యాన్ కొడుకు పీటర్ అయితే పీటర్ యాన్సెన్. ఆ పీటర్ కొడుకు హెండ్రిక్ అయితే హెండ్రిక్ పీటర్సెన్, కూతురు గ్రీట్యె అయితే గ్రీట్యె పీటర్స్. తరం మారితే ఆ మాటా మారుతుంది. పెళ్ళయినా స్త్రీకి పుట్టింటి పేరే ఉండేది. కాబట్టి ఇంటిపేరు పట్టుకుని వెతికితే ఒకే కుటుంబం మూడు ముక్కలవుతుంది.

ముందు బాప్తిస్మానికి నిలబడ్డ సాక్షుల పేర్లు చూడండి. బిడ్డకు తాత, నాయనమ్మ, అమ్మమ్మల పేర్లు పెట్టడం, దగ్గరి బంధువులనే సాక్షులుగా నిలబెట్టడం ఆనవాయితీ. ఒకే దంపతుల పిల్లలందరి నమోదులూ వరసగా పేర్చి, మళ్ళీ మళ్ళీ వచ్చే సాక్షులను గుర్తుపెట్టుకుంటే రెండు వైపుల కుటుంబాలూ బయటపడతాయి. ఇది ఆధారమే గానీ రుజువు కాదు, ఇంకో కాగితంతో సరిచూసుకోవాలి.

తేదీల దగ్గర ఇంకా జాగ్రత్త. రాసి ఉన్నది బాప్తిస్మం రోజు, పుట్టినరోజు కాదు. పెళ్ళి పద్దులో చాలాచోట్ల ఉన్నది పెళ్ళి జరగబోతోందని చర్చిలో చేసే ప్రకటన నమోదైన రోజు, పెళ్ళి ఆ తర్వాత జరిగేది. 1664 తర్వాతి ఇంగ్లీషు కచేరీ కాగితాలు పాత జూలియన్ క్యాలెండర్‌వి. 17వ శతాబ్దంలో అది ఇప్పటి క్యాలెండర్ కన్నా 10 రోజులు వెనక ఉండేది, పైగా వారి కొత్త ఏడు మార్చి 25న మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి తేదీల్లో ఏడాది తేడా కనిపిస్తే కారణం అదే. ఇప్పటికి మిగిలి ఉన్న సంఘ రిజిస్టర్లు 1639 నుంచే మొదలవుతాయి కనుక, అంతకు ముందువారి పేర్లు వాటిలో దొరకవు.

ప్రశ్న: డచ్చి ప్రసంగాలు ఎప్పుడు ఆగాయి?

జవాబు: ఒక్కసారిగా ఆగలేదు. ఇంగ్లీషులో పెరిగిన పిల్లలు వేరే చర్చిలకు వెళ్ళిపోతుంటే, పెద్దలు ఆర్కిబాల్డ్ లైడ్లీని పిలిపించారు. ఆయన స్కాట్లాండ్ మనిషి, నెదర్లాండ్స్‌లో పనిచేసి డచ్చి నేర్చినవారు. 1764లో ఆయన ఇంగ్లీషు ప్రసంగం మొదలుపెట్టారు. కొందరు సభ్యులు గట్టిగా ఎదిరించారు. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు రెండు భాషలూ పక్కపక్కనే నడిచాయి.