కొత్త సర్వో వేశాక ట్రక్కు నేరుగా పోవట్లేదు

ప్రశ్న: అన్నా, మాది గోదావరిఖని. మా అన్న కొడుకు కోసం 1/10 స్కేల్ రిమోట్ ట్రక్కు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. టూ వీల్ డ్రైవ్, షార్ట్ కోర్స్ మోడల్. ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారు, అదే సర్వో, పాతదాంట్లో ప్లాస్టిక్ గేర్ల పళ్లు ఊడిపోతే 25 కిలోల బలం ఉన్న డిజిటల్ సర్వో, మెటల్ గేర్లది, వేశాను. దాని షాఫ్టు మీద కూర్చునే చేయి, అంటే హార్న్, అల్యూమినియంది పెట్టాను. అప్పటి నుంచి బండి చేతికి రావట్లేదు. నెమ్మదిగా పోతే బాగానే ఉంటుంది. స్పీడ్ అందుకుందంటే రిమోట్ చక్రం కాస్త కదిలిస్తే చాలు, ఒక్కసారిగా పక్కకు కోస్తుంది. సరిచేయబోతే అటు కోస్తుంది, రెండు ఊపులు ఊగి బోల్తా పడుతుంది. స్టీరింగ్ సెంటర్ సరిచేసే ట్రిమ్ నాబ్ ఎంత తిప్పినా నేరుగా పోదు, ఒకసారి ఎడమకు లాగితే ఇంకోసారి కుడికి. ఫుల్ స్పీడ్‌లో మలుపు తిప్పితే ముందు చక్రాలు వణుకుతాయి కూడా. సర్వోనే బాగాలేదా? వాపస్ ఇచ్చేయాలా?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: తమ్మీ, సర్వోను వాపస్ పంపకు. నీ ఉత్తరంలో చాలా ముఖ్యమైన మాట ఒకటి రాశావు. ట్రిమ్ పెట్టినా ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి లాగుతోందన్నావు. సర్వో సెంటర్ తప్పి ఉంటే ఎప్పుడూ ఒకే వైపుకు లాగుతుంది, ట్రిమ్‌తో సరిపోతుంది. రెండు వైపులా లాగుతోందంటే సర్వోకు, చక్రానికి మధ్య ఎక్కడో ప్లే, అంటే లూజు, ఉంది. ఆ ప్లే కొత్తగా రాలేదు, పాత సర్వో ఉన్నప్పుడూ ఉంది. అప్పుడు నీకు తెలియలేదంతే.

ఎందుకు తెలియలేదో చెబుతాను. సర్వో స్పీడును 60 డిగ్రీలు తిరగడానికి పట్టే సమయంతో కొలుస్తారు. మామూలు అనలాగ్ సర్వో 0.2 సెకను దాకా తీసుకుంటే, నువ్వు వేసినలాంటివి 0.1 సెకను దగ్గర్లో తిరుగుతాయి. అనలాగ్ సర్వో తన మోటారుకు సెకనుకు 50 సార్లు కరెంటు పల్స్ పంపుతుంది. డిజిటల్‌ది 300 సార్లు, కొన్ని అంతకన్నా ఎక్కువ. అందుకే నీ వేలు వెంట్రుకవాసి కదిలినా అది పట్టేసుకుంటుంది. పాత సర్వో నిదానం వల్ల, మెత్తదనం వల్ల నీ చేతి తొందర చక్రం దాకా చేరేది కాదు. ఇప్పుడు నీ ప్రతి కదలికా చేరుతోంది, దాంతోపాటు సర్వోను చక్రాలకు కలిపే కడ్డీల్లో, అంటే లింకుల్లో, ఉన్న ప్రతి లూజూ బయటపడుతోంది.

నేను కాజీపేట లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా పనిచేసిన మనిషిని. అక్కడ చక్రాలు అరిగిన బండి ఒక వేగం దాటగానే పట్టాల మీద అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. దాన్ని హంటింగ్ అనేవాళ్లం. నెమ్మదిగా పోతుంటే ఆ ఊపు ఉండనే ఉండదు, అరుగుదల పెరిగేకొద్దీ ఇంకా తక్కువ వేగానికే వచ్చేస్తుంది. నీ ట్రక్కు స్పీడ్ అందుకున్నాకే ఊగుతోందని చదవగానే నాకు అదే గుర్తుకొచ్చింది. అందుకే రిమోట్ సెట్టింగుల జోలికి ఇప్పుడే పోవద్దంటున్నాను. ముందు ఇనుము, తర్వాత కరెంటు, చివరికి రిమోట్. ఈ వరుస తప్పితే ఒక లోపాన్ని ఇంకో లోపంతో కప్పిపెట్టినట్టవుతుంది, ఏది ఎక్కడుందో తర్వాత తేలదు.

బండి ముందు భాగం నేల మీంచి లేచేలా కింద డబ్బా ఏదైనా పెట్టు. రిమోట్, బండి రెండూ ఆన్ చేసి ఉంచు, సర్వో తన చోట గట్టిగా నిలబడుతుంది. ఇప్పుడు ఒక ముందు చక్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఆడించు. కళ్లు చక్రం మీద కాదు, లింకుల మీద పెట్టు. హార్న్ కదలకుండా చక్రం ఎంత కదులుతోందో అదంతా ప్లే. ఇంకో చేతి వేలిని ఒక్కో జాయింటు మీద ఆనించి చూడు: హార్న్ దగ్గర బాల్ జాయింటు, మధ్యలో సర్వో కదలికను మళ్లించే బెల్‌క్రాంక్, అక్కడి నుంచి చక్రానికి వెళ్లే టై రాడ్ చివరలు, చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్, ఆఖరికి చక్రం మధ్యనుండే హబ్ బేరింగులు. లూజున్న చోట వేలికి టక్‌మని తగులుతుంది.

ఈ మధ్య పరకాల నుంచి ఒక కుర్రాడు అచ్చం నీలాంటి బాధతోనే ట్రక్కు తెచ్చాడు. అన్ని జాయింట్లూ బిగువుగానే ఉన్నాయి, బెల్‌క్రాంక్ మాత్రం దాని పోస్టు మీద కుండ మూతలా ఆడుతోంది. విప్పితే ప్లాస్టిక్ బుష్ లోపల ఎర్రమట్టి, నూనె కలిసి ముద్దగా పట్టి ఉంది. కిర్రుమంటోందని అతను నూనె వేస్తూ వచ్చాడు. ఆ నూనె దుమ్మును పట్టుకుంది, ఆ ముద్ద ఎమరీ పేస్టులా బుష్‌ను గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారం వచ్చేదాకా అరగదీసింది. బుష్‌లు తీసేసి అదే సైజు బాల్ బేరింగులు వేశాం. హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నడిపి చూస్తే సగం జబ్బు అక్కడికే పోయింది. మీ దగ్గర ఎర్రమట్టితో పాటు బొగ్గు పొడి కూడా ఉంటుంది కాబట్టి స్టీరింగ్ బుష్‌లకు నూనె, గ్రీజు అసలు పెట్టకు. బ్రష్‌తో తుడువు, పొడిగా ఉంచు. బాల్ జాయింటు ప్లాస్టిక్ కప్పులు అరిగితే మార్చడమే, బిగించి లాభం లేదు. అవి పెద్ద ఖరీదైనవీ కావు.

ప్లే ఎంత తీసినా కొంచెం మిగులుతుంది, మిగలాలి కూడా. మిగిలింది ఎటు వాలుతుందన్నది ముఖ్యం. నీది వెనక చక్రాలతో నడిచే బండి. ముందు చక్రాలను నేల వెనక్కి లాగుతూ ఉంటుంది, దాంతో అవి ముందు వైపు విచ్చుకుంటాయి. దాన్నే టో-అవుట్ అంటారు. టో-అవుట్ ఉన్న బండి మలుపులోకి చురుగ్గా దూరుతుంది గానీ నేరుగా మాత్రం పోదు. అందుకని నిలబడి ఉన్నప్పుడే ముందు చక్రాలను కొంచెం లోపలికి, అంటే టో-ఇన్‌కు పెట్టుకోవాలి. ఒక్కో చక్రానికి 1 డిగ్రీ చాలు. దానికి ప్రత్యేకమైన గేజ్ అక్కర్లేదు. రెండు టైర్ల మధ్య దూరాన్ని చక్రం మధ్య ఎత్తులో ఒకసారి ముందు అంచుల దగ్గర, ఒకసారి వెనక అంచుల దగ్గర కొలువు. టైరు వ్యాసం 110 మిల్లీమీటర్లుంటే ముందు కొలత దాదాపు 4 మిల్లీమీటర్లు తక్కువ రావాలి. టర్న్‌బకిల్ టై రాడ్లు అయితే విప్పకుండానే తిప్పి సరిచేయొచ్చు, ఒక చివర కుడి మర, ఇంకో చివర ఎడమ మర ఉంటుంది. రెండు వైపులా సమానంగా తిప్పు.

కొలత అయ్యాక బండి ముందు భాగాన్ని చేత్తో కిందికి నొక్కి, పైకి లేపి చూడు. సస్పెన్షన్ కదులుతుంటే చక్రాలు వాటంతట అవే లోపలికీ బయటికీ తిరుగుతుంటే అది బంప్ స్టీర్. గతుకుల్లో పక్కకు కోయడానికి అదో కారణం. సాధారణంగా టై రాడ్, చక్రాన్ని మోసే సస్పెన్షన్ కింది ఆర్మ్ దాదాపు సమాంతరంగా ఉంటే ఇది తగ్గుతుంది. టై రాడ్ చివర తగిలే బాల్ స్టడ్ కింద ఒకటో రెండో వాషర్లు వేసి ఎత్తు మార్చి చూడు.

ఇక హార్న్ దగ్గరికి వద్దాం. నువ్వు రాయలేదు గానీ, అల్యూమినియం హార్న్‌కు వరుసగా రెండు మూడు రంధ్రాలు ఉండి ఉంటాయి, నువ్వు లింకును చివరి దానికి బిగించి ఉంటావనే నా అనుమానం. చాలామంది అలాగే చేస్తారు. పాత హార్న్ మధ్య నుంచి రంధ్రం దాకా 13 మిల్లీమీటర్లు, కొత్తది 20 అనుకుందాం. సర్వో 30 డిగ్రీలు తిరిగితే పాతది లింకును 6.5 మిల్లీమీటర్లు లాగేది, కొత్తది 10 లాగుతుంది. నీ వేలు అంతే కదిలింది, చక్రం మాత్రం ఒకటిన్నర రెట్లు తిరిగింది. కాస్త కదిలిస్తే కోస్తోందని నువ్వన్నది చాలా వరకు ఇదే. పాత హార్న్ పారేయకపోతే స్కేలు పెట్టి కొలిచి, కొత్తదాంట్లో అంత దూరంలోనే ఉన్న రంధ్రం ఎంచుకో. కొందరు పొడవు హార్న్ అలాగే ఉంచి, రిమోట్‌లో ఎండ్ పాయింట్లు, అంటే సర్వో ఎంతవరకు తిరగాలన్న హద్దులు, తగ్గించి సరిపెడతారు. నాకది నచ్చదు. సర్వో తిరగగలిగినంతా వాడుకోవు, సెంటర్ దగ్గర సన్నగా తిప్పే వీలు తగ్గిపోతుంది.

దెబ్బ సర్వో దాకా పోకుండా ఆపే స్ప్రింగు, అంటే సర్వో సేవర్, ఎక్కడుందో కూడా చూసుకో. కొన్ని బండ్లలో స్ప్రింగు బెల్‌క్రాంక్ మీద ఉంటుంది, అప్పుడు మెటల్ హార్న్ వేసినా ఫర్వాలేదు. కొన్నింట్లో సేవర్ పాత హార్న్‌లోనే ఉంటుంది. దాన్ని తీసి గట్టి అల్యూమినియం ముక్క వేస్తే చక్రం రాయికి కొట్టుకున్న దెబ్బంతా సర్వో గేర్ల మీదే పడుతుంది. నీది ఆ రకమైతే సేవర్ ఉన్న హార్నే మళ్లీ కొనుక్కో, మొహమాటం వద్దు. బెల్‌క్రాంక్ మీద స్ప్రింగు ఉంటే మాత్రం దాన్ని కాస్త బిగించు. మెత్తటి స్ప్రింగుతో చక్రాలు ప్రతిసారీ ఒకే సెంటర్‌కు రావు. పూర్తిగా బిగించేయకు, చక్రాన్ని చేత్తో గట్టిగా నెడితే స్ప్రింగు లొంగాలి.

ఇప్పుడు ఆ వణుకు. ఇది లింకులది కాకపోవచ్చు, కరెంటుది కావచ్చు. సర్వోకు, రిసీవర్‌కు కరెంటు వచ్చేది మోటారు స్పీడును నడిపే ఈఎస్‌సీ లోపల, బ్యాటరీ వోల్టేజీని తగ్గించి ఇచ్చే బీఈసీ నుంచి. పాత చిన్న సర్వోకు అది సరిపోయేది. 25 కిలోల సర్వో గట్టి లోడు పడి ఆగిపోయినప్పుడు ఒక్కసారిగా ఎన్నో ఆంపియర్లు లాగుతుంది. వోల్టేజీ పడిపోతుంది, సర్వో తడబడుతుంది, మరీ పడిపోతే రిసీవర్ ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. పరీక్ష సులువు. బండిని గరుకు నేల మీద నిలబెట్టి, రిసీవర్ లైటు చూస్తూ స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు వేగంగా తిప్పు. లైటు ఆరితే, మినుకుమంటే కరెంటు చాలట్లేదని అర్థం. అప్పుడు విడిగా ఒక బీఈసీ కొని బ్యాటరీ నుంచి నేరుగా కలుపుకో. ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కు వెళ్లే ప్లగ్గులో ఎర్ర వైరు తీసి టేపు చుట్టాలి, లేకపోతే రెండు సప్లైలు ఒకదాంతో ఒకటి కొట్లాడతాయి. బీఈసీ వోల్టేజీ నీ సర్వో భరించేదే పెట్టు. 6 వోల్టులదని రాసి ఉంటే 7.4 ఇవ్వొద్దు.

ఇవన్నీ అయ్యాకే రిమోట్. హార్న్ విప్పి, ట్రిమ్ సున్నాకు తెచ్చి, ఆన్ చేసి, లింకుకు 90 డిగ్రీల్లో హార్న్ బిగించు. కొంచెం తేడా ఉంటే రిమోట్‌లో సెంటర్‌ను సన్నగా సరిచేసే సబ్ ట్రిమ్ వాడు. తర్వాత ఎండ్ పాయింట్లు: చక్రాలు చివరిదాకా తిరిగినప్పుడు సర్వో మూలగకూడదు. మూలుగుతుంటే మూలుగు ఆగేదాకా తగ్గించు, సస్పెన్షన్ నొక్కి కూడా చూడు. ఎక్స్‌పో, అంటే సెంటర్ దగ్గర స్పందన తగ్గించే సెట్టింగు, ఉన్న రిమోట్ అయితే సెంటర్ మెత్తబడేలా 20 నుంచి 30 శాతం పెట్టు. కొన్ని రిమోట్లలో దానికి మైనస్, కొన్నింట్లో ప్లస్. మెల్లగా తిప్పి చక్రం ఎలా స్పందిస్తుందో చూస్తే తెలిసిపోతుంది. నీ రిమోట్‌లో ట్రిమ్, డ్యూయల్ రేట్ నాబ్‌లు మాత్రమే ఉంటే స్టీరింగ్ మొత్తం ఎంత తిరగాలో తగ్గించే ఆ డ్యూయల్ రేట్‌ను 75 శాతం దగ్గర మొదలుపెట్టి నడుపుతూ పెంచుకో.

ఒక్క మాట. ఈ సంబరంలో ముందు భాగమంతా అల్యూమినియం చేయకు. ప్లాస్టిక్ ఆర్మ్ దెబ్బకు వంగి మళ్లీ లేస్తుంది. అల్యూమినియం వంగితే అలాగే ఉండిపోతుంది, అప్పుడు నీ టో కొలతలన్నీ పోతాయి, బండి మళ్లీ పక్కకు లాగుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ట్రక్కుకు కొత్త సర్వో వేయించాం. రిమోట్ ముట్టుకోకపోయినా జుయ్‌మని మోగుతూనే ఉంటుంది. కాలిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: అమ్మా, డిజిటల్ సర్వో సెంటర్‌లో నిలబడటానికి ఎప్పుడూ కొంచెం పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి సన్నటి చప్పుడు మామూలే. నిలబడి ఉండగానే చేయి పెట్టలేనంత వేడెక్కితే మాత్రం ఆగి చూడాలి. స్టీరింగ్ లింకును హార్న్ నుంచి ఊడదీయండి. చప్పుడు ఆగిపోతే లింకులు ఎక్కడో పట్టేస్తున్నాయి, వాటిని వదులు చేయాలి. లింకు తీసినా గట్టిగా మోగుతూ, హార్న్ అటూ ఇటూ తడుముకుంటుంటే లోపల షాఫ్టు ఎక్కడుందో చెప్పే పొటెన్షియోమీటర్ బాగాలేదు, అది షాపువాళ్లే మార్చివ్వాలి.

ప్రశ్న: మెటల్ హార్న్ ఎంత బిగించినా నాలుగు రౌండ్లకు జారిపోతోంది. స్టీరింగ్ సెంటర్ తప్పుతోంది.
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: పళ్లు లెక్కపెట్టండి. సర్వో షాఫ్టులు 23, 24, 25 పళ్లతో వస్తాయి. 25 పళ్ల హార్న్‌ను 24 పళ్ల షాఫ్టు మీద కొట్టి కూర్చోబెడితే కూర్చున్నట్టే ఉంటుంది గానీ నిలవదు, షాఫ్టు పళ్లు కూడా పాడవుతాయి. సర్వో డబ్బా మీద అంకె చూసి అదే హార్న్ తెచ్చుకోండి. పళ్లు సరిగ్గానే ఉంటే మధ్య స్క్రూ సంగతి చూడండి: పొడవు ఎక్కువై అడుగు తాకుతుంటే హార్న్‌ను నొక్కకుండానే బిగిసినట్టు అనిపిస్తుంది. మెటల్ షాఫ్టులోకి వెళ్లే మెటల్ స్క్రూ అయితే మర వదులవకుండా పట్టే నీలం రంగు థ్రెడ్‌లాకర్ ఒక చుక్క వేయండి. ప్లాస్టిక్ తగిలే చోట మాత్రం వద్దు, ప్లాస్టిక్ చిట్లుతుంది.