హీమోఫిలియా "సెక్స్ లింక్‌డ్" జబ్బు అంటే సుఖవ్యాధి అని అర్థమా?

మీ అన్నగారి అబ్బాయికి హీమోఫిలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉందని తేలిందనీ, డాక్టరు దాన్ని "సెక్స్ లింక్‌డ్" అనడంతో ఇంటి పెద్దలు మీ అన్నావదినలకు సుఖవ్యాధుల పరీక్షలు చేయించాలని పట్టుబడుతున్నారనీ రాశారు. ఈ జబ్బు కోసమైతే ఆ పరీక్షల అవసరం లేదు, ఎందుకంటే అది సుఖవ్యాధి కాదు, సుఖవ్యాధి వల్ల వచ్చేదీ కాదు.

నేను వైద్యుణ్ని కాను. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఉంటున్న మా అక్క కొడుక్కు ఇదే జబ్బు. పాకే వయసులోనే వాడి ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపించేవి, నడక వచ్చాక మోకాళ్లు వాచేవి. జబ్బు తల్లి ద్వారా వస్తుందని డాక్టరు చెప్పిన నాటి నుంచి, ఆ ఒక్క ముక్క పట్టుకుని మా అక్క నడవడిని గురించి ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి.

రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫాక్టర్ 8 అనే ప్రోటీన్ తయారీకి సంబంధించిన జన్యువు, ఆడో మగో నిర్ణయించే క్రోమోజోముల్లో ఒకటైన ఎక్స్ మీద ఉంటుంది; "సెక్స్ లింక్‌డ్" అనేది అందుకే (హీమోఫిలియా బి రకంలో లోపించేది ఫాక్టర్ 9; దాని జన్యువూ అక్కడే ఉంటుంది). స్త్రీకి ఎక్స్‌లు రెండు కనుక, ఒకదానిలో లోపమున్నా సాధారణంగా రెండోది ఆదుకుంటుంది. మగపిల్లవాడికి ఉన్నది ఒక్కటే, అదీ తల్లి ఇచ్చినదే. అందువల్ల లోపం మోస్తున్న తల్లికి పుట్టే ప్రతి కొడుక్కూ జబ్బు వచ్చే అవకాశం, ప్రతి కూతురూ వాహకురాలయ్యే అవకాశం సగం సగం ఉంటాయి. తండ్రికే జబ్బు ఉంటే, కొడుకులకు ఆయన ఇచ్చేది వై క్రోమోజోము కనుక ఆయన నుంచి వాళ్లకు రాదు, కూతుళ్లందరూ మాత్రం వాహకులవుతారు. పైగా సుమారు మూడో వంతు కేసుల్లో జన్యువులో మార్పు కొత్తగా ఏర్పడుతుంది కనుక, వంశంలో ఎవరికీ లేదు కదా అని తల్లిని అనుమానించడం మరీ అన్యాయం.

సుఖవ్యాధులు బయటి నుంచి వచ్చే క్రిముల వల్ల కలుగుతాయి. సవాయి (సిఫిలిస్), సెగ రోగం (గనోరియా) బాక్టీరియా వల్ల, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి వైరస్‌ల వల్ల వస్తాయి. అయితే సవాయి, హెచ్‌ఐవీ కూడా తల్లి నుంచి బిడ్డకు సోకగలవు కనుక, పుట్టుకతో వచ్చినదల్లా జన్యులోపమేనని అనుకోకూడదు. గర్భిణులకు ఈ పరీక్షలు చేసేది అందుకే. సకాలంలో పెన్సిలిన్ ఇస్తే సవాయి నయమై బిడ్డకూ రక్షణ దొరుకుతుంది. జన్యులోపాన్ని అలా ఒక మందుతో తుడిచివేయడం కుదరదు కానీ, లోపించిన ఫాక్టర్‌ను ఇంజక్షన్ ద్వారా ఎక్కించి రక్తస్రావాన్ని అదుపు చేయవచ్చు.

మా ఇంట్లో గొడవ ముదిరింది మరో కారణం వల్ల. పిల్లవాడి కాగితాల్లో హెచ్‌ఐవీ పరీక్ష అని రాసి ఉండటం ఒక బంధువు కంటపడింది. రక్తం, రక్త పదార్థాలు ఎక్కించుకునే వారికి ఆ పరీక్షలు జాగ్రత్త కోసం చేస్తారు. 1980ల దశకంలో కలుషితమైన ఫాక్టర్ మందుల వల్ల అనేక దేశాల్లో హీమోఫిలియా రోగులకు హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి సోకాయి. మీ వాళ్ల కాగితాల్లోనూ అది కనిపించవచ్చు కనుక ముందే చెబుతున్నాను.

బాబుకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు డాక్టరును అడగకుండా వేయకండి, కండకు ఇంజక్షన్ చేసే ముందూ పన్ను పీకించే ముందూ జబ్బు సంగతి తప్పక చెప్పండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో హీమోఫిలియా కూడా ఉంది కనుక సదరం ధ్రువపత్రం గురించి విచారించండి. ఇక మీ వదినగారికి పరీక్ష చేయించాలనే పెద్దల పట్టుదల ఉండనే ఉంది కాబట్టి, దాన్ని ఫాక్టర్ స్థాయి, జన్యు పరీక్షల వైపు మళ్లించండి. వాహకులైన కొందరు స్త్రీలకు కూడా ఫాక్టర్ తక్కువగా ఉండి కాన్పులోనో ఆపరేషన్‌లోనో అధికంగా రక్తం పోతుంది. ఆమె వాహకురాలని తేలితే, ఆమె అక్కచెల్లెళ్లు కూడా గర్భం దాల్చకముందే ఆ పరీక్షలు చేయించుకోవడం మంచిది.